నేలగది తలుపుకు ఒక కంత

పటమటలో మా ఇంటి పక్క సందులో ఆడపిల్లలకు వడ్రంగం నేర్పే సెంటరు ఒకటి పెట్టారు. రంపం చప్పుడు చెవిన పడితే కాలు నిలవదు కాబట్టి అప్పుడప్పుడు వెళ్ళి కూర్చుంటాను. ఆ పిల్లలు నన్ను అడిగేవి రెండే. ఆడమనిషివి, ఆ రోజుల్లో ఎలా నెగ్గుకొచ్చావమ్మమ్మా అని ఒకటి. చేతులు బొబ్బలెక్కితే ఏం రాసుకునేదానివి అని రెండోది. రెండోదానికి జవాబు సులువు, ఆముదం. మొదటిదానికి నేను నవ్వి ఊరుకుంటాను. నెగ్గుకొచ్చానని వాళ్ళంతట వాళ్ళే అనుకుంటున్నారు.

ఈ పని నిజంగా ఎలాంటిదో ఎవరూ అడగలేదు. అడగకపోయినా చెప్పి పోవాలనిపించింది. నేను బడికి వెళ్ళలేదు. అక్షరాలు అమ్మ దగ్గర పొయ్యి ముందు కూర్చుని నేర్చుకున్నాను, పని నాన్న దగ్గర పెరట్లో నేర్చుకున్నాను. రాతలో తప్పులుంటే దిద్దుకుని చదవండి.

చేసిన తలుపుల్లో చాలావాటిని మరిచిపోయాను. ఒకటి మాత్రం మరుపు రావడం లేదు. డెబ్బైల్లో భవానీపురంలో ఒక అరటిపళ్ళ వ్యాపారి నేలగదికి చేసిన తలుపు అది. దానికి కింద ఒక కంత పెట్టాం. ఆ కంతను వేళకు తెరిస్తే గదిలోకి వెళ్ళిన మనిషి తిరిగి వస్తాడు. తెరవకపోతే రాకపోవచ్చు. సంగతి ఇంతే. ఇంత చిన్న సంగతిని నేను ఒక్కరి చేత కూడా ఒప్పించలేకపోయాను.

పసుపు రాయని తలుపులు

మా నాన్న పేరు యోహాను. మాది వడ్రంగుల ఇల్లు కాదు. తాత పొలం పనికి వెళ్ళేవాడు. నాన్నకు చిన్నతనంలో క్రైస్తవ మిషను వాళ్ళ షెడ్డులో బల్లలు, బెంచీలు చేయడం నేర్పారు. అలా ఈ పని మా గడప తొక్కింది. ఆయనకు నేను ఒక్కదాన్నే. చిత్రిక పట్టిన పొట్టులో ఆడుకుంటూ పెరిగాను. పెళ్ళయింది, కొద్దికాలానికే ఆయన పోయారు, తిరిగి ఆ పొట్టులోకే వచ్చాను. అప్పటికి నాన్న కళ్ళకు పొర కమ్ముతూ ఉంది. చెక్కను వేళ్ళతో తడిమి చూసేవాడు. ఆయన వేళ్ళు, నా కళ్ళు కలిస్తే ఒక వడ్రంగి.

మన వైపు ఇల్లు కట్టేటప్పుడు గుమ్మం నిలబెట్టడం ఒక పండగ. ముహూర్తం పెట్టుకుంటారు. గడపకు పసుపు రాసి కుంకుమ బొట్లు పెడతారు, మామిడాకులు కడతారు, చేసిన వడ్రంగికి కొత్త బట్టలు పెట్టి మర్యాద చేస్తారు. అది తరతరాలుగా ఆ పనిలో ఉన్నవాళ్ళ హక్కు. మేము ఆ కులం కాదు, ఆ పూజ మాది కాదు, పైగా నేను మొగుడు పోయినదాన్ని. కాబట్టి మా వరకు వచ్చేవి దొడ్డి తలుపులు, కొట్టు తలుపులు, గొడ్లచావిడి తలుపులు, మరుగుదొడ్డి తలుపులు. ఎవరూ పసుపు రాయనివి.

ఒకసారి మా వీధిలోనే ఒక పెద్దావిడ ఇల్లు కడుతూ నాన్నను పిలిపించింది.

"యోహానూ, ఏమనుకోకయ్యా. గుమ్మం పని వేరేవాళ్ళకి చెప్పేశాం. మీ అమ్మాయి చేత దొడ్డి తలుపు చేయించు."

"అలాగేనమ్మగారూ" అన్నాడు నాన్న. "దొడ్డి తలుపు గట్టిగా ఉంటే దొంగకి కష్టం. గుమ్మం తలుపు గట్టిగా ఉంటే చుట్టాలకి కష్టం. మాకు దొంగే నయం."

ఆవిడ పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. దారిలో నాన్న నా మొహం చూడలేకపోయినా నడక చప్పుడుతో కనిపెట్టాడు. "ఏమ్మా, చిన్నబుచ్చుకున్నావా?" అన్నాడు. "గుమ్మం తలుపుకి నీడ ఉంటది. దొడ్డి తలుపుకి వాన, ఎండ, పేడ, ఎలక, అన్నీ తగులుతయ్యి. పని అక్కడే నేర్చుకోవాలి."

నిజమే. పని అక్కడే నేర్చుకున్నాను. అందుకు అప్పుడూ దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను, ఇప్పుడూ చెప్పుకుంటాను. అయితే పిల్లలూ, చిన్నబుచ్చుకోకండి అని మీకు చెప్పను. అలా చెప్పేవాళ్ళు ఎవరూ ఆ వీధిలో నాతో పాటు నడవలేదు.

పొగ వేసే గది

షావుకారు ఆంజనేయులు గారికి భవానీపురంలో అరటిపళ్ళ గోదాము ఉండేది. కృష్ణా నది లంకల్లో కోసిన గెలలు పచ్చివి పచ్చిగానే బళ్ళ మీద అక్కడికి వచ్చేవి. గోదాము వెనక, కొండరాయి తగిలే మెరక నేలలో, మెట్లు దిగి వెళ్ళే గది ఒకటి తవ్వించారు. గెలలన్నీ అందులో పేర్చి, మూలన కుండలో ఊక, పిడకలు రాజేసి, తలుపు మూసి, సందులకు మట్టి మెత్తుతారు. ఆ పొగకు, వెచ్చదనానికి కాయ మగ్గి పండవుతుంది. తలుపు ఎంత బిగువుగా ఉంటే పండు అంత సమంగా రంగు తిరుగుతుంది.

పాత తలుపు టేకుదే గాని చేసినవాడు అతుకులు సరిగా వేయలేదు. చెమ్మకు వంకర తిరిగి, పలకల మధ్య నుంచి పొగ పోయేది. ఆ గది పని చూసేవాడు కోటయ్య. మేము కొలతలకు వెళ్ళిన రోజు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. ఒళ్ళంతా పొగచూరిన వాసన. కళ్ళు ఎప్పుడూ ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉండేవి. మనిషి మాత్రం నవ్వుతూనే మాట్లాడేవాడు.

"మేస్త్రీగారూ, ఈ తలుపు సంగతి చూడండి. గెలలో ఒక అత్తం గుత్తంతా పండు, పక్క అత్తం కాయ. పెళ్ళివారికి పంపితే, పిల్లాడి వైపువాళ్ళకి పళ్ళూ పిల్ల వైపువాళ్ళకి కాయలూ పెట్టుకున్నారంట. మా షావుకారు నన్ను తిట్టిన తిట్లు పొగలో పెడితే అయ్యి కూడా మగ్గేయి."

"మీ ఇంట్లో ఏమంటారన్నా, ఈ కళ్ళు చూసి?" అన్నాను.

"ఏమంటది, రోజూ ఏడ్చొచ్చే మొగుడు దొరికాడంటది."

షావుకారు వచ్చి నన్ను, నాన్నను మార్చి మార్చి చూశారు. "పని నువ్వు చేస్తావా, ఈ అమ్మాయి చేస్తుందా?"

"చెయ్యి దానిదండీ. నోరు నాది" అన్నాడు నాన్న.

"నేలగదే కదా. ఎవరు చేస్తే ఏముందిలే" అన్నారాయన. ఆ మాట వల్లే ఆ పని మాకు వచ్చింది.

మద్ది పలకలు

టేకు అందరూ అడుగుతారు. చెమ్మగదికి నాన్న మద్ది అన్నాడు. మైలవరం వైపు అడవి నుంచి వచ్చిన పాత మద్ది, బాగా ఎండినది, కలప అడితిలో వెనక పడి ఉంటే వేలితో కొట్టి ఏరుకున్నాం. మద్ది కోతకు మొండికేస్తుంది. ఉలి మొద్దుబారుతుంది. ఒకసారి లొంగితే మాత్రం తర్వాత మాట తప్పదు.

ఒక్కో పలక అంచుకు గాడి తీసి, పక్క పలక అంచును నాలుకలా చెక్కి అందులో దిగేశాను. వెనక అడ్డకర్రలు వేశాం. ఇనుమును పొగ తినేస్తుందని ఇనప బందులు పెట్టలేదు. తలుపు పలకకే పైనా కిందా కర్రమొలలు వదిలి, గడపలో గుంట చేసి తిప్పే పాత పద్ధతి పట్టుకున్నాం. మెట్ల దగ్గర చోటు లేదు కాబట్టి తలుపు లోపలికే తెరుచుకోవాలి. వానాకాలంలో చెక్క ఉబ్బుతుందని ఎంత వదులు ఇవ్వాలో నాన్న గోరుతో గీసి చూపించేవాడు. అంత చూపు లేనివాడు ఆ గీత ఎలా గీసేవాడో నాకు ఈనాటికీ తెలియదు.

అప్పుడే కంత సంగతి వచ్చింది. నాన్న కుర్రతనంలో గుంటూరు వైపు పొగాకు కాల్చే బ్యారన్లకు తలుపులు చేశాడు. అక్కడ ఒక మనిషి వేళ కాకముందే తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, బయటికి రాలేదు. నాన్నే మోసుకొచ్చాడట. ఆ తర్వాత పొగ గది తలుపు ఏది చేసినా మోకాలి ఎత్తున కంత పెట్టకుండా చేయనని ఒట్టు పెట్టుకున్నాడు. కంతకు చెక్క బిరడా ఉంటుంది. పొగ వేసినంతసేపూ బిగించి ఉంచాలి. తలుపు తీయబోయే ముందు బిరడా లాగాలి, గది కప్పులో పొగ పోవడానికి వదిలిన గూటి మీది పెంకు తొలగించాలి. కింద నుంచి గాలి దూరి, పై నుంచి చెడ్డగాలి పోతుంది. ఒక మనిషి నిదానంగా భోంచేసి వచ్చేంతసేపు ఆగి, అప్పుడు తలుపు తీయాలి.

దీపం పట్టి చూసి, ఆరకపోతే వెళ్ళొచ్చు అనేవాళ్ళు కొందరున్నారు. వాళ్ళ మాట నమ్మకండి. దీపాన్ని ఆర్పకుండా మనిషిని ఆర్పే గాలి ఉంటుందని నాన్నకు అప్పుడే తెలుసు. "దీపానికి ఊపిరితిత్తులు లేవమ్మా" అనేవాడు.

తలుపు నిలబెట్టిన రోజు షావుకారు దాన్ని మూసి, చెవి పెట్టి, తెరిచి, మళ్ళీ మూశారు. ఆ మూతపడే చప్పుడు నాకు గుర్తుంది. గట్టి మూత పెట్టిన కుండలాగా.

"అబ్బ, సూది దూరదు" అన్నారు. కిందికి చూశారు. "ఇదేంటమ్మాయ్, ఇంత తలుపు చేసి కంత పెట్టావు? ఎలకలకి దారా?"

నాన్న చెప్పాడు. ఆయన సగం విన్నారు. కోటయ్య మాత్రం మొత్తం విన్నాడు.

"మంచిదే కదండీ. భోజనం చేసి రమ్మంటున్న తలుపు ఇదొక్కటే, నా జన్మలో" అన్నాడు. అందరం నవ్వాం.

మొదటి విడత గెలలు దిగినప్పుడు కోటయ్య మా ఇంటికి వచ్చాడు. చక్కెరకేళి అత్తం ఒకటి అరుగు మీద పెట్టాడు. ఒక్క పండుకు కూడా పచ్చ చార లేదు. "నీ తలుపు కాసిన పళ్ళు, చెల్లెమ్మా" అన్నాడు. అమ్మ వాటిని బల్ల మీద పెట్టి ప్రార్థన చేసింది, చేసిన చేతుల కోసం, తెచ్చిన చేతుల కోసం. నా జీవితంలో నా పనికి అంత మర్యాద అంతకుముందు జరగలేదు.

బిరడా

వానలు మొదలయ్యాక తలుపు ఎక్కడైనా పట్టేస్తోందేమో చూద్దామని వెళ్ళాను. తలుపు బాగానే ఉంది. కంత లేదు. బిరడా తీసేసి, గుడ్డపేలికలు కుక్కి, మీద మట్టి మెత్తి, అరచేత్తో నున్నగా రాసి ఉంది.

"ఎవరు చేశారన్నా ఇది?"

"నేనే" అన్నాడు కోటయ్య. "కోప్పడకు. బిరడా చుట్టూ సన్నగా పొగ పోతోంది. తలుపు పక్క గెలకి నాలుగు కాయలు పచ్చిగా దిగినయ్యి."

"నాలుగు కాయలేగా."

"నీకు నాలుగు కాయలు. బజార్లో షాపులవాళ్ళందరి ముందూ షావుకారు ఆ నాలుగే పైకెత్తి చూపించాడు, ఇదీ మా కోటిగాడి పనితనం అని." నీళ్ళు కారే కళ్ళు భుజానికి తుడుచుకుని అన్నాడు, "తిడితే పడతా చెల్లెమ్మా, అలవాటే. నా గదిలోంచి పచ్చికాయ బయటికి రావడం మాత్రం పడలేను. నీ తలుపు వంకరపోతే నువ్వు పడగలవా?"

నేనైనా పడలేను.

ఉలితో ఆ మట్టి తవ్వేశాను. తుమ్మకర్రతో ఇంకా బిగువైన బిరడా చెక్కి, దానికి కొబ్బరిపీచు చుట్టి, పోగొట్టకుండా తాడుతో తలుపుకు కట్టాను. చుక్క పొగ రాలేదు. కోటయ్య నా ఎదుటే దాన్ని బిగించి, లాగి, బిగించి చూపించాడు. "సరే, ఒప్పుకున్నా, ఇంక ముట్టుకోను" అన్నాడు.

తర్వాత వెళ్ళేసరికి మళ్ళీ మట్టి. తాడు మాత్రం వేలాడుతూ ఉంది.

షావుకారుతో చెప్పాను. ఆయన చెడ్డవాడు కాదు. నాకు కూర్చోమని స్టూలు వేయించారు. "చూడమ్మా, గది లోపలి సంగతి వాడిది. వాడికి తెలియనిదా? మీరు తలుపు చేశారు, బ్రహ్మాండంగా చేశారు. అక్కడితో మీ పని అయిపోయింది" అన్నారు.

కోటయ్య భార్య నాగమ్మ గోదాము ముందే విస్తళ్ళు కుట్టి అమ్ముకునేది. ఆమె పక్కన కూర్చుని చెప్పాను.

"వదినా, నువ్వు చెబితే వింటాడు. తలుపు తీసేముందు ఆ మట్టి తియ్యమను, అంతే."

"నేను చెబితే వినేవాడైతే ఆ పనే మానిపించేదాన్ని" అంది, చేతిలో ఆకు వదలకుండా. "పడుకున్నా దగ్గే. చెప్పాననుకో, నవ్వుతాడు. ఆ నవ్వుతోటే గదా నన్ను చేసుకుంది." ఈనె పుల్లను పంటితో కొరికి, "నువ్వు మీ దేవుడికి చెప్పు. నేను మా అమ్మవారికి చెప్తా. ఎవరో ఒకరు వినకపోతారా" అంది.

చెప్పాను. రోజూ పొద్దున్నే, ఇంట్లో అందరి పేర్ల తర్వాత, ఆ కంత తెరిపించు ప్రభువా అని అడిగేదాన్ని. పెద్ద పెద్ద సంగతులు అడిగే వేళలో తలుపు కంత గురించి అడుగుతున్నానేమిటా అని నాకే సిగ్గుగా ఉండేది. అయినా మానలేదు.

ఈ పనిలో నేను నేర్చుకున్న చేదు ఇదే. పని చేసినంతవరకే అది మన మాట వింటుంది. ఒకసారి ఇంకొకరి గోడలో నిలబడ్డాక తలుపు వాళ్ళది. దానికి మనం ఏ ఉద్దేశం పెట్టామో అది చెక్కలో కనిపించదు.

శ్రావణం

శ్రావణ శుక్రవారం వరలక్ష్మీ వ్రతం. ఊళ్ళో ప్రతి ఇంటికీ అరటిపళ్ళు కావాలి. గురువారం మధ్యాహ్నానికే పళ్ళు బజారుకు రావాలని షావుకారు అన్నారు. గదిలో ఉన్నవి ఇంకా కొంతసేపు మగ్గాల్సినవి. వాన పడుతోందని కప్పు మీది గూటికి పెంకుతో పాటు పట్టా కూడా కప్పి ఉంది.

నేను ఆ సమయానికి అక్కడ లేను. తర్వాత హమాలీలు, నాగమ్మ చెప్పింది కలుపుకుంటే ఇలా జరిగింది.

కోటయ్య తలుపు చుట్టూ మట్టి ఒలిచాడు. కంతలో మట్టి తీయలేదు. పైన పట్టా తీయించలేదు. ముందు వరసలో పండినవి చూసి ఏరి తెస్తానని లోపలికి వెళ్ళాడు. వెళ్ళి, మిగతా గెలలకు వేడి పోకూడదని తలుపు తన వెనకే మూసుకున్నాడు. వేరే ఎవరైనా ముక్కు మూసుకుని, తలుపు బార్లా తెరిచి వెళ్ళేవాళ్ళు. గెలల మీద అంత ప్రేమ ఉన్నవాడే తలుపు మూసుకుంటాడు.

పిలిస్తే పలకలేదు. తలుపు తోస్తే రాలేదు. లోపలికి తెరుచుకునే తలుపుకు అడ్డంగా, దాని మీదికే పడిపోయాడు. భుజాలు పెట్టి తోశారు. గడ్డపలుగుతో పెకలించబోతే ఇనప బందులు లేవు, ఎక్కడ పట్టి లేపాలో తెలియలేదు. గొడ్డలి తెచ్చారు. ముదురు మద్ది, గాడిలో నాలుక దిగిన పలకలు. గొడ్డలి ఎగిరి వెనక్కి వచ్చిందట. చివరికి ఒకడు కింద మట్టి పూసిన చోట కొట్టాడు. పలక విడింది అక్కడే. ఆ తలుపు మొత్తంలో బలం లేని చోటు నేను పెట్టిన కంత ఒక్కటే.

అప్పటికి ఆలస్యమైపోయింది.

మాకు కబురు వచ్చేసరికి ఆయన్ని గోదాము అరుగు మీద పడుకోబెట్టారు. మొహం ఎర్రగా, ఆరోగ్యంగా, నిద్రపోతున్నవాడిలా ఉంది. అది ఆ గాలి చేసే మోసమని నాన్న అన్నాడు. నాగమ్మ కుట్టిన విస్తళ్ళు వానకు తడిసి చుట్టూ పడి ఉన్నాయి. ఆమె నన్ను చూసి, "వదినా, ఎంత గట్టిగా చేశావే ఆ తలుపు" అంది. నిందగా అనలేదు. ఊరికే అంది. ఆ మాట ఇవాళ్టికీ నాతోనే ఉంది.

పోలీసులు వచ్చారు, అడగాల్సింది అడిగారు, వెళ్ళారు. పగిలిన తలుపులోంచి గెలలు బయటికి తెచ్చారు. ఒక్క పచ్చ చార లేదు. సాయంత్రానికి బజారు చేరాయి. శుక్రవారం ఊరంతా వాటినే అమ్మవారి ముందు పెట్టుకుని ఉంటారు. వాళ్ళకేం తెలుసు, పాపం. వాళ్ళను నేను ఏమీ అనను.

బాగుచేయడం

కర్మలన్నీ అయ్యాక షావుకారు మా ఇంటికే వచ్చారు. మనిషి సగమయ్యారు. నాగమ్మకు గోదాములో ఊడ్చే పని ఇచ్చానని, కోటయ్య చేసిన పనికి ఆమె తమ్ముడు వెంకటేశును పెట్టుకున్నానని చెప్పారు. ఆమెను వీధిన పడేయనందుకు ఆయనకు దణ్ణం పెట్టాను. అది నిజంగానే పెట్టిన దణ్ణం.

"తలుపు బాగుచేయాలమ్మా. ఈసారి మాత్రం కంత వద్దు. పలక విడింది అక్కడే కదా."

"కంత ఉన్నందుకు కాదు బాబూ, మూసినందుకు పోయాడు" అన్నాడు నాన్న.

"ఏమో యోహానూ. పంతులుగారు కూడా అదే అన్నారు. గదికి రంధ్రం ఉంటే అరిష్టమట. శాంతి చేయిస్తున్నాను."

కంత లేకుండా నేను చేయనని చెప్పాను. అంతవరకూ ఎప్పుడూ ఏ షావుకారుకూ ఎదురు చెప్పలేదు. ఆయన కండువా భుజాన వేసుకుని లేచి, "సరే, మీ ఇష్టం" అన్నారు. నా మాటే నెగ్గిందనుకున్నాను. కొత్త పలక వేశాను. కంత ఇంకాస్త పెద్దది చేశాను. బిరడాకు ఎర్రరంగు పూశాను, తీయడం మరవకుండా. వెంకటేశుకు చేతిలో చేయి వేయించుకుని మరీ చెప్పాను. వయసు వచ్చినవాడే, బుద్ధిగా విన్నాడు.

ఆశ్వయుజంలో ఒకరోజు చూసిరమ్మని నాన్నే పంపాడు. మెట్లు దిగేసరికి తలుపు పసుపు పచ్చగా మెరుస్తోంది. శాంతి చేసిన నాటి నుంచి ప్రతి శుక్రవారం షావుకారు భార్య వచ్చి ఆ తలుపుకు పసుపు రాసి బొట్లు పెడుతోంది. గడప మీద ముగ్గు, పైన మామిడాకులు. నేను చేసిన తలుపుల్లో పసుపుకు నోచుకున్నది అదొక్కటే. కింద కంత ఉన్న చోట మట్టి మెత్తి ఉంది. ఆ మట్టికీ పసుపు రాశారు. అన్నిటికన్నా పెద్ద బొట్టు దాని మీదే ఉంది.

ఉలి తీశాను. వెనక నుంచి నాగమ్మ నా చేయి పట్టుకుంది.

"ముట్టుకోకు వదినా. ఆ మట్టి పెట్టింది నేనే."

"నువ్వా?"

"మా ఆయన ప్రాణం ఆ కంతలోంచే పోయింది. గొడ్డలి దిగింది అక్కడే. నాకు మిగిలింది ఈ తమ్ముడొక్కడే. మళ్ళీ ఆ దారి తెరిచి పెట్టమంటావా?"

చెప్పాను. మొదటి నుంచి చెప్పాను. గాలి ఎటు దూరుతుందో, ఎటు పోతుందో, నేల మీద పుల్లతో గీసి చూపించాను. ఆమె చివరిదాకా విన్నది. నా కన్నీళ్ళు తన కొంగుతో తుడిచింది కూడా. "నువ్వు మంచిదానివి వదినా. ఆయన్ని కాపాడాలని చూశావు, నాకు తెలుసు" అంది. "వెంకటేశు కోసం మీ దేవుణ్ణి అడుగు. ఆ మట్టి మాత్రం తియ్యకు, నీకు పుణ్యముంటది."

వెంకటేశు మెట్ల పైన నిలబడి మా ఇద్దరినీ చూస్తున్నాడు. "అక్క మాట కాదనలేనమ్మా" అన్నాడు.

ఉలి సంచిలో పెట్టుకున్నాను. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి చేత్తో పెట్టిన మట్టి అది. దాన్ని తవ్వే చేయి నాకు లేకపోయింది.

వెంకటేశు బతికాడు. అది నా కంత వల్ల కాదు, ఆ పసుపు వల్లా కాదు. కొన్నాళ్ళకు పళ్ళు మగ్గేయడానికి మందు పొట్లాలు వచ్చాయి, ఊక కుండలు మూలపడ్డాయి, ఆ గదిలో ఖాళీ గోనెసంచులు పెట్టుకున్నారు. ఈలోగా అతను ఎన్నిసార్లు ఆ తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి వచ్చాడో. ప్రతిసారీ వచ్చాడు. అందుకు దేవునికి కృతజ్ఞత చెప్పుకున్నాను. వెంకటేశుకు దొరికింది కోటయ్యకు ఎందుకు దొరకలేదని మాత్రం ఇప్పటికీ అడుగుతున్నాను. ఆ మందు రాకముందు ఇంకా ముగ్గురు వ్యాపారులు అలాంటి తలుపే కావాలని వెతుక్కుంటూ వచ్చారు, సూది దూరదటగా అంటూ. చేశాను. అన్నిటికీ కంత పెట్టాను. మళ్ళీ వెళ్ళి చూసినప్పుడు ఒక్కటీ తెరిచి లేదు.

నాగమ్మ నా చేయి పట్టుకున్న ఆ రోజు, భవానీపురం నుంచి ఇంటికి వచ్చేసరికి నాన్న అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. అప్పటికి చూపు పూర్తిగా పోయింది. నా చేయి అందుకుని వేళ్ళు తడిమాడు. గోళ్ళలో మట్టి ఉందేమోనని చూశాడనుకుంటాను.

"కంత ఎలా ఉందమ్మా?"

"తెరిచే ఉంది నాన్నా."

నాన్న తలపాగా తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "దేవునికి స్తోత్రం" అన్నాడు.

నేను ఆమెన్ అన్నాను.